కావలిలో ఉంటూ కచేరీ, నాటకం, హాస్యం ఎక్కడ చూడాలి? సంక్రాంతి నుంచి రొట్టెల పండుగ దాకా

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్ నుంచి కావలికి బదిలీ మీద వచ్చారు. హైదరాబాద్‌లో శని, ఆదివారాలు వస్తే ఏదో ఒక షోకు వెళ్లే అలవాటు. ఇక్కడ టికెట్ల యాప్ తెరిస్తే సినిమాలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఇంట్లో పద్యమంటే చెవి కోసుకునే నాన్నగారు, స్టాండప్ కామెడీ చూసే మీ ఆవిడ, ఆరేళ్ల పాప. ఈ డిసెంబరు నుంచి జూన్ దాకా నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎదురుగా కూర్చుని చూడదగ్గవి ఏమున్నాయి, వాటి కబురు ఎలా తెలుస్తుంది అని అడిగారు.

ఉన్నాయండీ, చాలానే ఉన్నాయి. యాప్‌లో మాత్రం దొరకవు. ఇక్కడి ప్రదర్శనల్లో ఎక్కువ వాటికి టికెట్టే ఉండదు. ఖర్చు గుడి పెట్టుకుంటుంది, ఊరి కమిటీ పెట్టుకుంటుంది, లేదంటే ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థం ఆయన పిల్లలు పెట్టుకుంటారు. అమ్మేదేమీ లేనప్పుడు యాప్‌కు దాంతో పనేముంది?

నేను కొన్నేళ్లు పద్యనాటకాలకు తబలా వాయించాను, తర్వాత నాటిక పోటీల కమిటీల్లో తిరిగాను. స్టేజీని ఎదురు నుంచి కంటే పక్క నుంచి చూసిందే ఎక్కువ. అది మనసులో పెట్టుకుని చదవండి.

ఇక్కడి ప్రదర్శనలను నడిపేవి రెండు, పంచాంగం, పంట. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏ వారం వాయుగుండం పడుతుందో తెలియని రోజుల్లో ఆరుబయట స్టేజీ కట్టించి, ట్రూపుకు అడ్వాన్సు ఇచ్చే ధైర్యం ఏ కమిటీకీ ఉండదు. అందుకే ఆ మూడు నెలలూ ఏం జరిగినా ఎక్కువగా హాల్లోనే. సంక్రాంతి దాటాక ఆకాశం తెరిపి ఇస్తుంది. పెన్నా కింద వరి కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు వేలం ఊపందుకునేదీ ఆ తర్వాతే. రైతు చేతిలో డబ్బు ఆడితే ఊళ్లో నాటకం ఆడుతుంది. మార్చి నుంచి మే దాకా ఏ పల్లెకు పోయినా తిరునాళ్లే కనబడటానికి దేవుడితో పాటు ఈ లెక్క కూడా ఉంది. మీరు ఉన్న కావలి ఈ రెండు వైపులకూ మధ్యలో ఉంది, ఆ విధంగా అదృష్టవంతులు. (ఏ ఊరు ఏ జిల్లాలో ఉందని నన్ను అడగొద్దు. కందుకూరు, అద్దంకి, గూడూరు, సూళ్లూరుపేట కాగితాల మీద ఇటూ అటూ మారుతుంటాయి. ట్రూపుల వ్యాన్లకు ఆ సరిహద్దులు పట్టవు.)

డిసెంబరు ఇంకా మిగిలుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. నాన్నగారికి శాస్త్రీయ సంగీతం కూడా ఇష్టమైతే చెన్నై సీజన్ వదలొద్దు. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి ముందు దాకా మైలాపూరు, త్యాగరాయనగర్ సభల్లో రోజంతా కచేరీలే. పగటిపూట కుర్ర కళాకారులు పాడే చాలా కచేరీలకు టికెట్ ఉండదు, సాయంత్రం పెద్దవాళ్ల కచేరీలకు ఉంటుంది. నెల్లూరు సంగీతాభిమానులు తరాలుగా చేస్తున్నదే ఇది, రైలెక్కి మద్రాసు వెళ్లడం. కావలిలో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. సాయంత్రం కచేరీ మధ్యలో తనియావర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, నడుస్తుంటే రైలు టైమని లేచిపోవడం మృదంగం వాయించేవాడికి అవమానం, తబలా వాయించినవాడిగా చెబుతున్నా.

క్రిస్మస్ పాటల సంగతి చాలామందికి తట్టదు. నెల్లూరు, ఒంగోలు రెండూ అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాత కేంద్రాలు. ఒంగోలు జువెట్ మెమోరియల్ చర్చి లాంటి పాత చర్చిల్లో గొంతులు విడివిడిగా పంచుకుని పాడే కాయిర్ సంప్రదాయం ఉంది. దాని పక్కనే అచ్చ తెలుగు రాగాల్లో కట్టిన పాత కీర్తనలూ వినొచ్చు. డిసెంబరు 24 రాత్రి వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. ఎవరూ ఏమీ అడగరు.

జనవరి 7, బుధవారం, పుష్య బహుళ పంచమి. త్యాగరాజ ఆరాధన. ఒక్క పూట సెలవు పెట్టగలిగితే ఇది పెట్టండి. తిరువయ్యారులో జరిగేదే చిన్న ఎత్తున నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలోనూ జరుపుకుంటారు. పొద్దున పంచరత్న కీర్తనల గోష్ఠిగానం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ వరసలో అయిదు కీర్తనలు. పాడటం వచ్చినవాళ్లు వెళ్లి గోష్ఠిలో కూర్చోవచ్చు, ఆహ్వానం అక్కర్లేదు. సంగీతం క్లాసులకు వెళ్లే పిల్లల దగ్గర్నుంచి రిటైరైన టీచర్ల దాకా అందరూ అక్కడే ఉంటారు. నెల్లూరులో ఈ ఉత్సవానికి ఒక పెద్ద పేరు ముడిపడి ఉంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. ఊళ్లో భిక్ష ఎత్తి మరీ త్యాగరాజ ఉత్సవాలు చేసేవారు. తిప్పరాజువారి వీధిలోని వాళ్ల ఇంటిని బాలు గారు 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు.

సంక్రాంతికి ప్రత్యేకంగా వెతకాల్సిన పని లేదు. ఏ పల్లెలో బంధువులుంటే ఆ పల్లెకు పోండి. హరిదాసు, గంగిరెద్దు, చెక్కభజన గుమ్మం ముందుకే వస్తాయి. కొన్ని ఊళ్లలో కుర్రాళ్లే నాటిక వేస్తారు. నటన ఎట్లా ఉన్నా, తెలిసినవాడు మీసం పెట్టుకుని వచ్చాడని జనం నవ్వే నవ్వు బాగుంటుంది. జనవరిలోనే సూళ్లూరుపేటలో పక్షుల పండుగ పెడుతుంటారు. పగలు నేలపట్టు, పులికాట్ చూసి, సాయంత్రం మైదానంలో సినిమా గాయకుల పాటలు, టీవీ హాస్యనటుల స్కిట్లు చూడొచ్చు. పాపకు పగలంతా, మీ ఆవిడకు సాయంత్రం సరిపోతుంది. తేదీలు ప్రభుత్వం ప్రకటించాక చూసుకోండి, పాత ఏడాది తేదీలు పట్టుకుని బయల్దేరకండి.

ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి. ఈ తేదీకి అటూ ఇటూగా, అట్లాగే బాలు గారి జయంతి జూన్ 4కు, వర్ధంతి సెప్టెంబరు 25కు, నెల్లూరు పురమందిరంలోనో (టౌన్‌హాలు) ఇంకో హాల్లోనో స్వరనివాళి పేరుతో ఏదో ఒక పాటకచేరీ ఉంటుంది. వెళ్లేముందు ఒక్క మాట అడగండి, ఆర్కెస్ట్రా ఉందా, ట్రాకా? ఈమధ్య ఎక్కువ కచేరీలు ట్రాకు మీదే నడుస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో వాద్యాల రికార్డు పెట్టి దాని మీద గొంతు కలుపుతారు. ఖర్చు కలిసొస్తుంది, తప్పని కూడా అనను. కానీ వయొలిన్, తబలా, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ వాళ్లు ఎదురుగా కూర్చుని, గాయకుడు చరణం ఎత్తుకోవడంలో అర క్షణం ఆలస్యమైతే వాళ్లూ ఆగి అతన్ని కలుపుకుని పోతారు చూడండి, హాలు దాకా వెళ్లేది దాని కోసమే. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. ఫ్లెక్సీ మీద వాద్యబృందం ఫొటో ఉంటే మనుషులు వాయిస్తారు. గాయకుల ఫొటోలే వరసగా ఉంటే ట్రాకు అనుకోండి.

ఇక నాన్నగారి కోసం అసలు సంగతి. ఫిబ్రవరి 15, ఆదివారం, మహాశివరాత్రి. జాగరణ రాత్రి కాబట్టి శివాలయం ఉన్న ప్రతి పెద్ద ఊళ్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి ఎండాకాలం తిరునాళ్ల దాకా పద్యనాటకాలకు మంచి రోజులు. ప్రకాశం వైపు తిరునాళ్లకు విద్యుత్ ప్రభలు, అంటే రంగు దీపాలతో నింపిన ఎత్తైన కట్టడాలు, కూడా కడతారు, పాపకు అవి చూపించండి.

తెల్లవార్లూ జరిగే నాటకం అని నాన్నగారు చిన్నప్పటి కథలు చెబుతుంటారు కదా, అది ఇప్పుడు అరుదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఒక్కో ఊరి పోలీసు ఒక్కో రకంగా చూస్తాడు, అది వేరే విషయం. దీనివల్ల నాటకం కుంచించుకుపోయి ‘సీన్లు’ మిగిలాయి. హరిశ్చంద్ర అంటే వారణాసి సీను, కాటి సీను. కురుక్షేత్రం అంటే పడక సీను, రాయబారం, ఓపిక ఉంటే యుద్ధం. పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు, ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. కొత్తగా చూసేవాళ్లకు వింతగా ఉంటుంది కానీ, పాత ప్రేక్షకుడు వచ్చేదే దానికోసం. ఇతను పాడాడు, అతను ఎట్లా పాడతాడో చూద్దామని. కరపత్రంలో పాత్రల పేర్ల పక్కన నటుల పేర్లు, ఊళ్లు వేస్తారు. నాన్నగారికి చూపించండి, ఎవరికోసం వెళ్లాలో ఆయనే చెబుతారు.

కూర్చునే చోటు కూడా చెబుతా. హార్మోనియం ఏ వైపు ఉందో చూసుకుని ఆ వైపు, మూడు నాలుగు వరసల వెనక. పెద్ద స్పీకర్ పెట్టె ముందు మాత్రం వద్దు, పద్యంలో ఒక్క మాట అర్థం కాదు. అక్కడి నుంచి చూస్తే తెలుస్తుంది, నాటకాన్ని నడిపేది హార్మోనిస్టని. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో కాటి సీనే తీసుకోండి. భుజాన గొంగడి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వస్తాడు. హార్మోనిస్టు తలెత్తి ఒకసారి అతని ముఖంలోకి చూస్తాడు. శృతి అడగడం, చెప్పడం ఆ చూపులోనే అయిపోతాయి. ఒక్కో నటుడిది ఒక్కో శృతి మరి. నాటకంలోని పద్యాలతో పాటు జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా ఇక్కడ పాడతారు. నాటకకర్త రాసినవి కావు, నటులు తెచ్చి కలుపుకున్నవి, ఇప్పుడు అవి లేకపోతే జనం ఒప్పుకోరు. నాలుగో పాదం చివర నటుడు ఊపిరి బిగబట్టి రాగం లాగుతుంటే తబలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, అతను దిగేదాకా ముట్టుకోకూడదు. దిగాడా, వన్స్‌మోర్. అంతలో మైకు అందుకుంటారు: ‘ఫలానా వారు హరిశ్చంద్ర పాత్రధారికి వెయ్యిన్నూట పదహార్లు చదివిస్తున్నారు.’ కొడుకు శవం ముందు నిలబడ్డ హరిశ్చంద్రుడు కర్ర చంకలో పెట్టుకుని, నోటు అందుకుని, దాతకు నమస్కారం పెట్టి, మళ్లీ ఏడుపులోకి దిగుతాడు. హైదరాబాద్ ఆడిటోరియంలో ఇట్లా జరిగితే మీకు చిరాకేస్తుంది. ఇక్కడ వేయదు. ఆ డబ్బు మీదే ఆ నటుడి నెల గడుస్తుంది.

మీరూ చదివించొచ్చు. నూటపదహార్లు ఇచ్చినా పేరు చదువుతారు. నాన్నగారి పేరు మీద చదివించండి.

ఒక హెచ్చరిక. తిరునాళ్ల కరపత్రంలో నాటకం కింద చిన్న అక్షరాలతో ‘ఆ తదుపరి డ్యాన్స్ ప్రోగ్రాం’ అని ఉంటే, నాటకం అయిపోగానే లేచి రండి. అర్ధరాత్రి దాటాక జరిగే రికార్డింగ్ డ్యాన్సులు కుటుంబంతో కూర్చునేవి కావు, పోలీసులు వచ్చి ఆపితే తోపులాట కూడా. ఇంకొకటి, చింతామణి చూడాలని నాన్నగారు అడగొచ్చు. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది, సుబ్బిశెట్టి పాత్రను చూపించే తీరు మీద ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో. నా అభిప్రాయం అడిగితే, కాళ్లకూరి నారాయణరావు గారు రాసింది వ్యసనం మీద చురక, స్టేజీల మీద దశాబ్దాలుగా ఆడింది చాలాచోట్ల పుస్తకంలో లేని బూతు. నిషేధం పడింది రెంటి మీదా. ఆ హాస్యం పోయాక నాటకం కుదిర్చే కాంట్రాక్టర్లు హరిశ్చంద్రలోని నక్షత్రకుడి మీద, కాలకౌశికుడి మీద ఎక్కువ ఆధారపడుతున్నారు. మంచి నక్షత్రకుడు పడితే ఆ రాత్రికి వేరే కామెడీ అక్కర్లేదు. రాజును అప్పు కోసం పీడించే వసూలువాడు కదా, ఇప్పటి లోను యాప్‌ల వాళ్ల భాష వాడి నోట పెట్టి అప్పటికప్పుడు కల్పించి మాట్లాడేవాళ్లున్నారు.

మార్చి 19 ఉగాది, 27 శ్రీరామనవమి. కవి సమ్మేళనాలు, పంచాంగ శ్రవణాలు, కల్యాణాలు. వచ్చేది పరాభవ నామ సంవత్సరం, ఆ పేరు మీద ప్రతి కవీ ఒక చమత్కారం విసురుతాడు, సిద్ధంగా ఉండండి. ఈ రోజుల్లో మీరు ఆగి వినాల్సింది కల్యాణ మండపం పక్కన కూర్చున్న నాదస్వరం. మనవాళ్లు దాన్ని పెళ్లి మేళంగా చూసి పక్కకు పోతారు. కానీ నాదస్వర విద్వాంసుల్లో దేశమంతా తలవంచిన షేక్ చిన్నమౌలానా గారు పుట్టింది ఒంగోలు పక్కన కరవదిలో, 1924లో. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్యపరంపరలోని మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాముడి కల్యాణానికి తరాలుగా నాదస్వరం వాయిస్తున్న ముస్లిం కుటుంబాలు ఈ తీరంలో ఉన్నాయి. ఊరేగింపులో కంటే రాత్రి పవళింపు సేవ ముందు వాయించేటప్పుడు వినండి. జనం పలచబడ్డాక వాళ్లు తమకోసం వాయించుకుంటారు, రాగాన్ని తొందర పెట్టరు. పాప నిద్రపోతే పోనీయండి.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ వారంలో రెండు పట్టణాల్లోనూ నాటకాల వాళ్లు ఒకచోట చేరతారు, మనుషుల్ని పరిచయం చేసుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు. సాంఘిక నాటికలు చూడాలంటే మాత్రం పరిషత్తు పోటీలకు, అంటే కళాపరిషత్తులు పెట్టే నాటిక పోటీలకు, వెళ్లాలి. ఒంగోలులో ఎన్టీఆర్ కళాపరిషత్ పేరు వినే ఉంటారు. రాష్ట్రం నలుమూలల నుంచి నాటక సమాజాలు వస్తాయి. ఒక సాయంత్రం రెండు మూడు నాటికలు, ఒక్కొక్కటి గంట లోపు, మధ్యలో సెట్టు మార్చడానికి కాసేపు. ప్రవేశం ఉచితం. మొదటి వరసలో న్యాయనిర్ణేతలు టార్చి లైటు వేసుకుని మార్కులు రాసుకుంటుంటారు, వాళ్ల వెనకే కూర్చోండి, ఎవరూ మాట్లాడరు. నిజం చెప్పాలంటే వృద్ధాశ్రమంలో పడేసిన తల్లిదండ్రుల కథలు ఈ పోటీల్లో మరీ ఎక్కువైపోయాయి. రెండో నాటికలో కూడా తండ్రి దగ్గుతూ వచ్చాడంటే టీకి లేచిపోవచ్చు. కానీ పదింట్లో ఒకటి మిమ్మల్ని కుర్చీలోంచి కదలనివ్వదు. హాస్యనాటికకు మొదటి బహుమతి రావడం చాలా అరుదు. ఉత్తమ హాస్యనటుడు అని ఒక బహుమతి పెట్టి సరిపెడతారు. ఇది నేను కమిటీల్లో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇంతకీ మీ ఆవిడ అడిగిన కామెడీ. స్టాండప్ మీరు హైదరాబాద్‌లో చూసినట్టు వారం వారం ఇక్కడ ఉండదు. కాలేజీ ఫెస్టుల్లో, హోటళ్ల హాళ్లలో అప్పుడప్పుడు ఒకరిద్దరు వచ్చిపోతారు. అవి మాత్రం టికెట్ల యాప్‌లోనే కనబడతాయి. నెల్లూరు పేరుతో అలర్టు పెట్టుకోండి, దొరికితే పండగ. అయితే హాస్యం ఇక్కడ వేరే వేషాల్లో ఉంది. ఆమెకు ముందు ఒక అష్టావధానం చూపించమంటాను. ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం. అవధాని సమస్యాపూరణలో, అంటే ఇచ్చిన చిక్కు పాదానికి పద్యం పూరించడంలో, మునిగి ఉండగా అడ్డదిడ్డమైన ప్రశ్న వేసి ధార తప్పించాలి. ‘అవధాని గారూ, మీ ఇంట్లో పప్పు మాడితే ఏ అలంకారం అవుతుంది?’ లాంటిది. క్షణంలో చమత్కారంగా జవాబు చెప్పి, ఆగిన చోటు నుంచే పద్యం మూడో పాదం అందుకోవాలి. రాసుకొచ్చిన జోకు అక్కడ నడవదు. ఛందస్సు తెలియకపోయినా ఆ ప్రశ్నకూ జవాబుకూ నవ్వొచ్చు. ఉగాది ముందూ వెనకా, ఎక్కువగా గుళ్లలో, గ్రంథాలయాల్లో, కాలేజీల్లో పెడతారు. కావలిలో జవహర్ భారతి ప్రాంగణంలో సాహిత్య సభ ఏదైనా ఉందేమో ఆరా తీస్తూ ఉండండి, మీకు నడిచి వెళ్లేంత దూరం.

బుర్రకథ దొరికితే పాపను తీసుకెళ్లండి. నడుమ కథకుడు తంబురాతో, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు, ఇద్దరి చేతుల్లో గుమ్మెటలు. పేరే అట్లా, ఒకడు హాస్యగాడు, ఒకడు రాజకీయగాడు. కథ వీరుడిది ఎవరిదైనా, ఆ ఊరి కరెంటు కోత, రోడ్డు గుంత అందులోకి వచ్చేస్తాయి. తోలుబొమ్మలాట ఇప్పుడు బాగా తగ్గింది. ఎక్కడైనా ఉత్సవంలో పెట్టారంటే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చే ఘట్టం పాప మర్చిపోదు. ఆ మాటల్లో కొన్ని పెద్దలవి, పాపకు అర్థం కాకపోవడమే మంచిది.

నెల్లూరుకు స్టేజీ హాస్యం ఈనాటిది కాదు లెండి. వేదం వేంకటరాయశాస్త్రి గారు 1899లో ఇక్కడ ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారు. ఆయన ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడు తన భాషలోనే మాట్లాడతాడు. రాజు నోటా చాకలి నోటా ఒకే గ్రాంథికం పలికే రోజుల్లో అది సాహసం. సినిమా హాస్యనటుడు రమణారెడ్డి గారిది నెల్లూరు పక్క జగదేవిపేట. సినిమాలకు పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశారు. ‘ఏంది సామీ’ అని ఇక్కడివాళ్లు సాగదీసి అనే మాటలోనే సగం హాస్యం ఉంది. కొన్ని నెలలు బజారులో తిరిగితే మీకే పట్టుబడుతుంది.

ఏప్రిల్ నడిమి నుంచి మే నడిమి దాకా వైశాఖం. జొన్నవాడ కామాక్షమ్మ, పెంచలకోన, నరసింహకొండ బ్రహ్మోత్సవాలు ఆ రోజుల్లోనే. బుచ్చిరెడ్డిపాళెం కోదండరాముడివి అంతకు ముందే, ఏప్రిల్ ప్రాంతంలో. వాహనసేవ అయ్యాక మండపంలో హరికథ ఉందేమో చూడండి. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, ఒక్క మనిషే అన్ని పాత్రలూ. అద్దంకిలో పుట్టిన హరికథకులు కోట సచ్చిదానంద శాస్త్రి గారి గురించి ఇక్కడి పెద్దవాళ్లు నిరుడో మొన్ననో చూసినట్టు ఇప్పటికీ చెబుతారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. హరికథలో పిట్టకథ దగ్గరకు వచ్చేసరికి నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. మీ ఆవిడకు అది కూడా చూపించండి.

జూన్ చివరి వారంలో మొహర్రం వస్తుంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ. జనం విపరీతం, పాపతో అయితే మొదటి రోజు పొద్దున్నే వెళ్లి వచ్చేయండి. ఖవ్వాలీ మీద ఆసక్తి ఉంటే మాత్రం ఇక్కడికంటే కసుమూరు, ఏ.ఎస్.పేట దర్గాల గంధమహోత్సవం రాత్రులు నయం. చాప మీద కూర్చుని వినొచ్చు. దసరా మీరడిగిన గడువు దాటిపోతుంది కానీ ఒంగోలులో కళారాల (దేవతల పెద్ద ముఖాల) ఊరేగింపు ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

కబురు ఎలా తెలుస్తుందంటే, పేపర్లో జిల్లా పేజీ చూడండి. సినిమా ప్రకటనల పక్కన ‘నేటి కార్యక్రమాలు’ లాంటి చిన్న పెట్టెలో రెండు ముక్కల్లో వేస్తారు, అది కూడా ఆ రోజు పొద్దున. నెల్లూరులో పురమందిరం గేటు, కస్తూర్బా కళాక్షేత్రం గేటు, ఒంగోలులో సీవీఎన్ రీడింగ్ రూం గోడ, ఎన్టీఆర్ కళాక్షేత్రం, ఈ నాలుగు చోట్ల ఫ్లెక్సీలు చూస్తే ఆ నెలలో జరిగేదాంట్లో చాలా వరకు తెలిసిపోతుంది. అన్నిటికంటే మంచి దారి మైకుసెట్టు వాళ్లు. మీ వీధికి దగ్గర్లో సౌండ్ సిస్టం అద్దెకిచ్చే షాపు ఉంటే వెళ్లి మాటల్లో పెట్టండి. ఏ ఊళ్లో ఏ రాత్రి ఏ ట్రూపు అనేది రెండు నెలల ముందే వాళ్ల డైరీలో రాసి ఉంటుంది. వాళ్ల వాట్సాప్ స్టేటస్ చూసినా చాలు.

కరపత్రంలో సాయంత్రం 6 గంటలకు అని ఉంటే దీపప్రజ్వలన 7కు, సన్మానాలు 8 దాకా. పరిషత్తు పోటీలు మాత్రం టైముకు మొదలవుతాయి, వాటికి ఈ లెక్క వేసుకోకండి. ఊళ్లలో నాటకానికి భోంచేసి బయల్దేరండి. ఫిబ్రవరి రాత్రుల్లో మంచు పడుతుంది, నాన్నగారికి మఫ్లరు, పాపకు దుప్పటి, అందరికీ దోమల మందు. సముద్రం దగ్గరి ఊళ్లలో కుర్చీలు సరిపోవు, ఒక చాప డిక్కీలో పడేసుకోండి.

ఆరాధన బుధవారం పడింది కాబట్టి సెలవు చీటీ ఈ వారమే రాసేయండి. శివరాత్రికి ఏ ఊరు అనేది ఫిబ్రవరి మొదటి వారంలో మళ్లీ ఇక్కడే అడగండి, కరపత్రాలు అప్పటికి నా చేతికి వస్తాయి. నాన్నగారికి కృష్ణుడు ఇష్టమా, హరిశ్చంద్రుడు ఇష్టమా అనేది కూడా రాయండి.